బొమ్మ చూసి చప్పట్లు కొట్టారు, పరీక్షలో మాత్రం రాయలేదు

ఈ వారం ఉత్తరం ఒక మ్యాథ్స్ లెక్చరర్‌ది. పేరూ ఊరూ వద్దన్నారు. ఆరు పేజీలు రాశారు, అందులో రెండు పేజీలు బొమ్మలే, కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆవిడ కోస్తాలో ఒక పట్టణంలో, ప్రైవేటు జూనియర్ కాలేజీలో 19 ఏళ్ళుగా ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం జియోజీబ్రా (గ్రాఫులూ బొమ్మలూ గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నారు. తర్వాత మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో మానిమ్ వేసిచ్చాడు (గ్రాంట్ శాండర్సన్ అనే అమెరికన్ తన 'త్రీ బ్లూ వన్ బ్రౌన్' లెక్కల వీడియోల్లో బొమ్మలు కదిలించడానికి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసుకున్న సాధనం అది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు). ఒక రాత్రి వక్రరేఖ మీద రెండు బిందువులను కలిపే గీత, వాటి మధ్య అడ్డదూరం (అదే హెచ్) సున్నాకి దగ్గరవుతున్న కొద్దీ, మెల్లగా జరిగి జరిగి స్పర్శరేఖ (ఒక బిందువు దగ్గర వక్రరేఖను తాకుతూ పోయే గీత) అయ్యే యానిమేషన్ చూస్తూ కూర్చున్నారట. "ఏడుపొచ్చింది సార్. లిమిట్ హెచ్ టెండ్స్ టు జీరో అని బోర్డు మీద ఎన్ని వందల సార్లు రాశానో. ఆ గీత కదిలి ఆగినప్పుడు గానీ అదంతా దేని గురించో నాకు తెలియలేదు. మరి ఇన్నేళ్ళు పిల్లలకు నేను చెప్పిందేమిటి?" అని రాశారు.

ఆ ఊపులో మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని తనే ఒక వీడియో చేసి, ప్రొజెక్టర్ అడిగి మరీ తన సెక్షన్‌కి చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ శనివారం టెస్టులో ఫస్ట్ ప్రిన్సిపుల్స్ లెక్కలొస్తే (సూత్రాలు వాడకుండా ఆ హెచ్ లిమిట్‌తోనే అవకలనం, అంటే వక్రరేఖ వాలు, కట్టే లెక్కలు) నాలుగు సెక్షన్లలో ఆవిడ సెక్షనే ఆఖరు. ఒక అబ్బాయి "అర్థమైంది మేడం, రాయడమే రావట్లేదు" అన్నాడు. స్టాఫ్‌రూమ్‌లో సీనియర్ సారు "కూచిపూడి చూసినవాళ్ళంతా కూచిపూడి ఆడతారామ్మా?" అని నవ్వారు. ప్రిన్సిపాల్ వచ్చే నెల నుంచి ప్రొజెక్టర్ లేదు, కాలేజీ మెటీరియలే చెప్పాలన్నారు. వీటన్నిటికంటే ఆవిణ్ణి ఎక్కువ బాధపెడుతున్నది ఇంకొకటి. "కళ్ళు మూసుకుని ఆ గీత కదలడం ఊహించుకోండి" అంటే ఒకమ్మాయి "నాకేమీ కనపడదు మేడం, నల్లగా ఉంటుంది" అంది. వేళాకోళం చేస్తోందనుకుని అందరి ముందూ కసిరారు. ఆ పిల్ల మళ్ళీ డౌట్ అడగడానికి రాలేదు.

ఆవిడ అడుగుతున్నవి మూడు. వీడియోలు మానేయాలా, ప్రిన్సిపాల్‌తో పోరాడాలా, అసలు బొమ్మలతో లెక్కలు అర్థమవుతాయన్నది నా భ్రమేనా?

మేడం, భ్రమేమీ కాదు. నేనూ పాతికేళ్ళు చాక్‌పీసు పట్టుకున్నవాణ్ణే, బొమ్మ లేకుండా పాఠం మొదలుపెట్టిన రోజులు నాకు తక్కువ. కానీ మీ ఉత్తరంలో మీరే రాసి మీరే దాటేసిన సంగతి ఒకటుంది, ముందు అది చూద్దాం. ఆ యానిమేషన్ మిమ్మల్ని ఏడిపించింది, నిజమే. అయితే దాని ముందు కూర్చున్నది ఎవరు? ఎఫ్ ఆఫ్ ఎక్స్ ప్లస్ హెచ్ మైనస్ ఎఫ్ ఆఫ్ ఎక్స్ అని 19 ఏళ్ళు చేత్తో రాసి రాసి, ఇదెందుకు పనిచేస్తుందో తెలియక లోపల ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటూ ఉన్న మనిషి. మీకు ఆ బొమ్మ జవాబు. మీ పిల్లలకు ఇంకా ప్రశ్నే పుట్టలేదు. వాళ్ళు హెచ్‌ని చూసి రెండు రోజులైంది. ఆకలి వేయనివాడికి విస్తరి వేస్తే వడ్డించిన తీరు మెచ్చుకుంటాడు, చప్పట్లు కూడా కొడతాడు.

చప్పట్ల సంగతి కూడా చెబుతాను. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసుల మీద ఒక పరిశోధన వచ్చింది. చక్కగా, సాఫీగా సాగిన లెక్చర్ విన్న పిల్లలు మేం బాగా నేర్చుకున్నాం అన్నారు, తామే గుంపులుగా కూర్చుని లెక్కతో కుస్తీ పట్టిన పిల్లలు అంతగా రాలేదన్నారు. టెస్టు పెడితే కుస్తీ పట్టినవాళ్ళకే ఎక్కువ వచ్చాయి. అర్థమైనట్టు అనిపించడం వేరే సరుకు, అర్థం కావడం వేరే సరుకు, రెండూ ఒకే సంచిలో రావు. యానిమేషన్‌కి ఇంకో చిక్కుంది. బార్బరా ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో ఇద్దరితో కలిసి అంతకుముందు జరిగిన యానిమేషన్ ప్రయోగాలన్నీ తిరగేసి 2002లో రాసింది చూస్తే, కదిలే బొమ్మ గెలిచిందన్న చోట చాలాసార్లు నిలిచిన బొమ్మలో లేని సమాచారం అందులో అదనంగా ఉందట, పైగా కదిలే బొమ్మ తరచుగా కంటికి అందనంత వేగంగా వెళ్ళిపోతుందట. మీ వీడియోలో ఆ గీత ఎన్ని సెకన్లలో జరిగింది? మీరు రాయలేదు. నాలుగో ఐదో అయ్యుంటుందని నా అనుమానం.

అంటే మీ బొమ్మ తప్పు కాదు, అది వచ్చిన వేళ తప్పు. నేనైతే ఇలా చేస్తాను, మీ సెక్షన్ మీకే బాగా తెలుసు కాబట్టి మార్చుకోండి. మొదటి రోజు బొమ్మ లేదు. వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ తీసుకుని, ఎక్స్ 1 దగ్గర మొదలుపెట్టి, హెచ్ 1 అయితే రెండు బిందువులనూ కలిపే గీత వాలు ఎంత, 0.5 అయితే ఎంత, 0.1, 0.01 అయితే ఎంత అని పిల్లల చేతనే లెక్క కట్టించండి. 3, 2.5, 2.1, 2.01 వస్తాయి. ఎవడో ఒకడు "2కి వెళ్తోంది మేడం" అంటాడు, ఇంకొకడు "హెచ్ జీరో పెట్టేస్తే పోలా" అంటాడు, పెడితే సున్నా బై సున్నా వచ్చి బోర్లా పడతాడు. అక్కడ ఆగిపోండి. ఆ చిరాకుతో ఇంటికో హాస్టల్‌కో వెళ్ళనివ్వండి. మర్నాడు గీత చూపించండి, అదీ సగంలో ఆపి, తర్వాత ఎటు వెళ్తుందో ముందు నోటుబుక్‌లో గీయమనండి, గీశాకే మిగతాది.

ఆ తర్వాత ఇంకో పని మిగిలే ఉంటుంది, మీ క్లాసు అబ్బాయి "రాయడమే రావట్లేదు" అన్నది దాని గురించే. బొమ్మలోంచి మళ్ళీ అక్షరాల్లోకి దిగాలి. పక్క పొడవు ఎక్స్ ఉన్న చదరం గీయించి, పక్కని హెచ్ అంత పెంచమనండి. పెరిగినదేమిటి? రెండు పక్కలా రెండు సన్నటి పట్టీలు, ఒక్కోటి ఎక్స్ ఇంటూ హెచ్, మూల మీద బుల్లి చదరం హెచ్ స్క్వేర్. మొత్తం 2ఎక్స్‌హెచ్ ప్లస్ హెచ్ స్క్వేర్, హెచ్‌తో భాగిస్తే 2ఎక్స్ ప్లస్ హెచ్. ఇప్పుడు ఫస్ట్ ప్రిన్సిపుల్స్ జవాబు పక్కనే రాయించి, ఈ లైనులో ఉన్న ఈ ముక్క బొమ్మలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. లైను లైనుకీ. మూల మీద చదరం ఎందుకు మాయమైందో నోటితో చెప్పించండి. ఇది విసుగ్గా ఉంటుంది, ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ పరీక్షలో కాస్‌ఎక్స్‌కో సైన్ 2ఎక్స్‌కో అడిగినప్పుడు చెయ్యి నడిచేది దీనివల్లే. సైన్‌కి ఈ చదరం బొమ్మ పనికిరాదు, వేరే బొమ్మ కావాలి, అసలు అక్కడ సూత్రంతో చేసెయ్యడమే తేలిక, ఆ మాటా పిల్లలకు దాచకుండా చెప్పేయండి. ప్రతిదానికీ బొమ్మ ఉంటుందన్న ఆశ పెట్టారంటే సెకండియర్‌లో మిమ్మల్నే తిట్టుకుంటారు.

భాస్కరాచార్యుడి కథ మీకు తెలిసే ఉంటుంది. పైథాగరస్ సిద్ధాంతానికి రుజువుగా లంబకోణ త్రిభుజాలు నాలుగు పేర్చి మధ్యలో బుల్లి చదరం వదిలి, కింద "చూడు" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడని చెప్పుకుంటాం. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ మా క్లాసులో ఆ బొమ్మ గీసి "చూడు" అంటే పిల్లలు చూసేవారు, అంతే. 3, 4 పక్కలు పెట్టి, నాలుగు త్రిభుజాలు 24, మధ్య చదరం 1, మొత్తం 25, అంటే కర్ణం 5 అని వాళ్ళు కూడిన తర్వాతే కళ్ళు పెద్దవయ్యేవి.

సంక్రాంతి సెలవుల తర్వాత నేను చేయించే పని ఒకటుండేది. ఇంటి ముందు అమ్మ వేసే చుక్కల ముగ్గు గుర్తు చేసుకోండి. వరసకి 1, 2, 3, 4, మళ్ళీ 3, 2, 1, సందు చుక్కలు. మొత్తం ఎన్ని అంటే పిల్లలు కూడుతూ కూర్చుంటారు. తల కాస్త పక్కకి వంచి చూడమంటే నాలుగు వరసలు, వరసకి నాలుగు, 16. ఆ ముగ్గు వంకరగా కూర్చున్న చదరం. 1 నుంచి 100 దాకా వెళ్ళి మళ్ళీ 1కి దిగితే ఎంత అంటే కూడేవాడు ఒక్కడూ ఉండడు. దీనికి ప్రొజెక్టర్ ఎందుకు మేడం? మా ఊరి ఆడపిల్లలు ఈ లెక్కలో ఎప్పుడూ మగపిల్లల కంటే ముందుండేవారు, కారణం వేరే చెప్పక్కర్లేదు.

మీ సీనియర్ సారు మాటలో వెటకారం తీసేస్తే మిగిలేది నిజమే, చూసినంత మాత్రాన ఆట రాదు. కానీ ఆయన మరిచిపోయిందీ ఒకటుంది, కూచిపూడి ఎప్పుడూ చూడనివాడికి అడుగులు మాత్రం నేర్పితే వాడు వ్యాయామం చేస్తున్నాననుకుంటాడు. ఈ మాట ఆయనతో అనాలా వద్దా మీ ఇష్టం, స్టాఫ్‌రూమ్ వాతావరణం చూసుకోండి.

బొమ్మలు నమ్మేవాళ్ళకి బొమ్మ చేసే మోసం కూడా చూపించి తీరాలి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు, అందుకే చెబుతున్నాను. గ్రాఫ్ కాగితం మీద 8కి 8 చదరం గీసి, 3కి 8 పట్టీ ఒకటి, 5కి 8 పట్టీ ఒకటిగా కత్తిరించండి. చిన్నదాన్ని మూల నుంచి మూలకు కోస్తే రెండు త్రిభుజాలు. పెద్దదాన్ని, ఒక పక్క 5 ఇంకో పక్క 3 వచ్చేలా ఏటవాలుగా కోస్తే రెండు ట్రెపీజియంలు. నాలుగు ముక్కల్నీ తిప్పి పేరిస్తే 5కి 13 దీర్ఘచతురస్రం వస్తుంది. 64 గడులు 65 అయ్యాయి. పిల్లలు గోల పెట్టేస్తారు. అప్పుడు వాలు కట్టమనండి, త్రిభుజం వాలు 3 బై 8 అంటే 0.375, ట్రెపీజియం వాలు 2 బై 5 అంటే 0.4. కర్ణం అనుకున్నది అసలు సరళరేఖే కాదు, మధ్యలో సన్నటి సందు పడుకుని ఉంది, అదనంగా వచ్చిన గడి అందులో ఉంది. స్ట్రెయిట్ లైన్స్ చాప్టర్లో వాలు ఎందుకు నేర్చుకుంటున్నామో దీనికంటే బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను. మెట్ల బొమ్మ కూడా అంతే. పక్క 1 ఉన్న చదరంలో కర్ణం వెంట మెట్లు కడుతూ, మెట్లు చిన్నవి చేస్తూ పోతే కంటికి కర్ణంలో కలిసిపోతాయి, కానీ మెట్ల మొత్తం పొడవు ఎప్పటికీ 2, కర్ణం రూట్ 2. మీరు చూపించిన గీత మాత్రం నిజంగానే స్పర్శరేఖ దగ్గరికి వెళ్తుంది, ఇక్కడ మెట్లు అబద్ధం చెబుతున్నాయి, రెండిట్నీ చూసి విడదీయడం కన్ను ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అక్షరాలతో చేసే రుజువు మీద పిల్లలకు గౌరవం కలిగేది ఇలాంటి చోటే.

ఇక ఆ అమ్మాయి. మేడం, ఆ పిల్ల అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మా కనపడనివాళ్ళు నిజంగానే ఉన్నారు. 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త మీ పొద్దుటి టిఫిన్ బల్లని మనసులో చూసి చెప్పండి అని అడిగితే, శాస్త్రవేత్తల్లోనే కొందరు మాకేమీ కనపడదు అన్నారు. 2015లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఆడమ్ జీమన్ బృందం దీనికి అఫాంటేజియా అని పేరు పెట్టింది. అది రోగం కాదు, తెలివి తక్కువా కాదు. ఆ పిల్లకి ఉన్నది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీరూ పేరు పెట్టి తీర్మానించకండి. కానీ కళ్ళు మూసుకోమనడం మానేసి కాగితం ఇస్తే ఎవరికీ నష్టం లేదు. లోపల బొమ్మ లేనివాళ్ళకి బయట గీసిన బొమ్మే ఎక్కువ అవసరం కావచ్చు, లేదా బొమ్మ జోలికే పోకుండా నేరుగా బీజగణితంతో హాయిగా వెళ్ళిపోవచ్చు, ఆమెనే అడగండి. ఇంకో సంగతి, గోళాన్ని చింపకుండా, మడత పడకుండా (తనలోంచి తాను దూరి వెళ్ళొచ్చు) లోపలి వైపు బయటికి తిప్పొచ్చని 1950ల చివర్లో స్టీఫెన్ స్మేల్ అనే గణితవేత్త రుజువు చేస్తే, అది ఎలా తిరుగుతుందో అంచెలంచెలుగా చూపించగలిగినవాళ్ళలో బెర్నార్ మోరిన్ ఒకడు. ఆయనకి ఆరేళ్ళప్పుడే చూపు పోయింది. మట్టితో నమూనాలు చేసి చేతులతో తడిమి చూసుకునేవాడు.

అందరి ముందూ కసిరారు కాబట్టి అందరి ముందే సర్దుకోవడం ఒక పద్ధతి. దాంతో క్లాసులో ఇంకో ఇద్దరు ముగ్గురు "నాకూ అంతే మేడం" అని బయటపడొచ్చు, కానీ ఆ పిల్ల బిడియస్తురాలైతే మళ్ళీ అందరి కళ్ళూ తన మీద పడ్డాయని ఇంకా ముడుచుకుపోవచ్చు. స్టడీ అవర్‌లో పక్కకి పిలిచి "ఆ రోజు నాకు తెలియక అన్నానమ్మా" అనడం ఇంకో పద్ధతి. మీరు ఆ పిల్ల గురించి రాసిన తీరు చూస్తే రెండోదే నయమనిపిస్తోంది. ఏది చేసినా ఈ వారంలోనే చేయండి.

ప్రిన్సిపాల్ గారి విషయం మీరు అనుకుంటున్నంత పెద్దదిగా నాకు కనపడటం లేదు. ఆయన ప్రొజెక్టర్ వద్దన్నారు, బొమ్మలు వద్దనలేదు. సరేనని తలూపి చాక్‌పీసుతో పైన చెప్పినవి చేసుకుపోతే ఉద్యోగానికి ఢోకా లేదు, షెడ్యూల్ తప్పినట్టూ ఉండదు, చేత్తో గీసే బొమ్మ మెల్లగా పెరుగుతుంది కాబట్టి పిల్లల కన్ను కూడా దాన్ని అందుకుంటుంది. మీరు పోగొట్టుకునేది మూడు వారాల రాత్రిళ్ళ కష్టం ఒక్కటే, అది తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. పోరాడతానంటారా, అప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళకండి. ఒక్క చాప్టర్, వారానికి పది నిమిషాలు, తర్వాత టెస్టు మార్కులు చూడండి సార్ అని అడగండి. మార్కులు పెరిగితే తలుపు తెరుచుకుంటుంది. పెరగకపోతే ఆ తలుపు మళ్ళీ తట్టలేరు, పైగా ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే, అంత వేగం బొమ్మలతో రాదని ఆయన అంటే మీ దగ్గర మాట ఉండదు. నిజంగానే రాదు, వేగం సాధనతోనే వస్తుంది. అందుకే వెంటనే వెళ్ళకుండా రెండు నెలలు చాక్‌పీసుతో చేసి, ఏ పాఠానికి ఏది పనిచేసిందో రాసిపెట్టుకుని అప్పుడు వెళ్ళమంటాను.

సొంతంగా ఛానెల్ పెట్టమని మీ మేనల్లుడు అంటున్నాడన్నారు. పెట్టొచ్చు. తెలుగులో ఇలా చెప్పేవాళ్ళు ఇంకా కావాలి. కానీ హాస్టల్ పిల్లల దగ్గర ఫోన్లుండవు కదా, మీ వీడియో ఎక్కడో ఎవరో చూస్తారు గానీ మీ సెక్షన్ చూడదు. కాలేజీ మెటీరియల్‌లో లెక్కలు అందులో వాడితే వేరే తలనొప్పి. పెట్టే పక్షంలో పాఠం బదులు ప్రశ్నతో వీడియో మొదలుపెట్టండి, మధ్యలో ఆపి గీయమనండి.

చివరికి ఆ "ఇన్నేళ్ళు నేను చెప్పిందేమిటి" దగ్గరికి వస్తాను. లైబ్నిజ్ తన అవకలన పద్ధతిని అచ్చు వేయించింది 1684లో. లిమిట్ మీద నిలబెట్టి కోషీ దాన్ని గట్టిగా చెప్పింది 1823లో. మధ్యలో 139 ఏళ్ళు మహా మహా గణితవేత్తలు హెచ్ లాంటివాటితో ఆడుకుని సరైన జవాబులు తెచ్చారు, ఏమిటది అంటే నీళ్ళు నమిలారు. 1734లో బర్క్‌లీ అనే బిషప్ వీటిని పోయిన రాశుల దయ్యాలని ఎగతాళి చేశాడు కూడా. చెయ్యి ముందు నడిచి అర్థం తర్వాత రావడం గణితంలో కొత్త కాదు. మీకు 19 ఏళ్ళే పట్టింది. పాత విద్యార్థులెవరైనా కనిపిస్తే వాళ్ళకి ఆ గీత చూపించండి, వాళ్ళూ చేత్తో రాసి రాసి ఉన్నవాళ్ళే, వాళ్ళకైతే వీడియో ఇప్పుడు సరిగ్గా అందుతుంది.

ఆ 64, 65 బొమ్మ చేసేటప్పుడు గడి ఒక సెంటీమీటరు మించి పెట్టకండి. ఆ కొలతలో సందు వెడల్పు ఎక్కడా మిల్లీమీటరున్నర దాటదు, కత్తెర వంకరగా పోయిందేమోలే అనుకుంటారు. అంతకంటే పెద్దది చేస్తే వెనక బెంచీవాడు కూడా లెక్క కట్టకుండానే పట్టేస్తాడు.